రాజు నడక

షెంగ్‌జౌ,
మార్చి 6

ప్రియమైన మహారాజావారికి,

ఇలా పిలిస్తే ఇప్పుడు నీకు కోపం వస్తుందో నవ్వు వస్తుందో తెలీదు. మగ వేషాలూ ఆడవాళ్లే కట్టే మన నాటకాల్లో నువ్వు రాజువి, నేను రాణిని; ఇరవై రెండేళ్లు స్టేజీ మీద ఇలాగే పిలిచాను, నోరు వేరే మాటకి తిరగడం లేదు. ఫోన్ చేద్దామనుకున్నాను. షూటింగులో మీ ఫోన్లన్నీ ఒక సంచిలో వేసి తాళం పెడతారట. తాళం లేకపోయినా ఫోనులో నువ్వు నన్ను మాట్లాడనివ్వవు. ఉత్తరంలో అయితే మధ్యలో అడ్డు తగల్లేవు కదా, అందుకని కలం పట్టాను.

నిన్న మా బావ్‌ల కొట్టుకి చెన్ డ్రైవరు వచ్చాడు. హెంగ్‌డియన్‌లో సినిమావాళ్లకి లాంతర్లు తోలుతుంటాడే, ఆ చెన్. లోపల కూర పెట్టి ఆవిరి మీద ఉడికించిన బావ్‌లు రెండు బుట్టలు తిని, మూతి తుడుచుకుని, తీరిగ్గా చెప్పాడు. "మీ రాజుగారిని చూశానండీ. పెద్ద టీవీ సీరియలు తీస్తున్నారు. ఎవరో కుర్రాడు పల్లకీలో వెళ్తుంటే ఆవిడ బురదలో మోకాళ్ల మీద ఉన్నారు. పక్కన ఇంకో రెండొందల మంది."

కొట్టు నిండా జనం. అందరూ నా మొహమే చూశారు. నేను "ఎవర్ని చూసి ఎవరనుకున్నావో" అని గదమాయించి పంపేశాను. కానీ వాడు అబద్ధం చెప్పే రకం కాదు. నిజమేనా అక్కా?

మన గురువుగారు ఏం నేర్పారు? రాజు వేషం కట్టేవాళ్లు అరికాలి కింద మందపు అట్టలున్న ఆ బూట్లు తొడిగాక మెట్ల మీద కూర్చోకూడదు. ఎవరి ముందూ మోకాలు వంచకూడదు. ఆఖరికి తెర వెనక చెయ్యిజారిన విసనకర్ర కూడా వంగి తీసుకోకూడదు, పక్కవాళ్లు తీసివ్వాలి. ఎన్ని విసనకర్రలు తీసిచ్చాను నీకు! ఆ మోకాళ్లు ఇవాళ బురదలో ఉన్నాయంటే నాకు అన్నం సయించడం లేదు.

నా మీద కోపం పోలేదని తెలుసు. పోయిన శరదృతువులో నాటక పాఠశాల ప్రిన్సిపాల్ పాన్ మనిద్దర్నీ పిలిచాడు. నాకు రాణి వేషాల టీచరు ఉద్యోగం ఇచ్చాడు. నీకు మాత్రం, "రాజు వేషాలకి చదువుకున్న చిన్నవాళ్లని తీసుకున్నామండీ, మీరు దుస్తుల గది చూసుకోండి" అని తాళంచెవి చేతిలో పెట్టాడు. నువ్వు ఆ తాళంచెవిని ఆయన టీ కప్పులో పడేసి బయటికి నడిచావు. నేను లేవలేదు. ఇరవై రెండేళ్లు నీ వెనక నడిచినదాన్ని ఆ రోజు నడవలేదు. దానికి నువ్వు నన్ను ఏమన్నా పడతాను. కానీ వచ్చెయ్యి. పాన్‌తో నేను మాట్లాడతాను.

నీ మీద సగం కోపంతో, సగం బెంగతో,
నీ రాణి
యున్‌షియా


హెంగ్‌డియన్,
మార్చి 17

ప్రియమైన రాణీ,

నీ ఉత్తరం భోజనాల బ్రేకులో అందింది. చదువుతూ అన్నం చల్లార్చుకున్నాను. చెన్ చెప్పింది నిజమే. బురదలోనే ఉన్నాను. అయితే వాడు సగమే చెప్పాడు, మిగతా సగం నేను చెప్తాను విను.

సీరియలు పేరు 'తొమ్మిది ద్వారాల వెన్నెల'. ఒక చక్రవర్తి, ఒక పట్టపురాణి, ఆరుగురు ఉంపుడు రాణులు. కథ పెద్దగా ఏమీ లేదు. ఒక రాణి నెల తప్పిందంటే చాలు, మిగతావాళ్లంతా వంటింటి వైపు పరిగెడతారు. పాయసంలో విషం, అగరుబత్తిలో విషం, చేతి గుడ్డలో విషం. ఇంత విషం మధ్య ఆ వంశం మూడొందల ఏళ్లు ఎలా బతికిందో నాకు అంతుపట్టదు. నేను ముసలి దాదుల్లో ఒకదాన్ని. ఎవరు ఎవర్ని చంపాలన్నా ముందు మమ్మల్ని చంపుతారు.

ఇక్కడో పద్ధతి ఉంది, నీకు నచ్చుతుంది. కెమెరా ముందు చచ్చిన ప్రతివాళ్లకీ కంపెనీ ఒక ఎర్ర కవరు ఇస్తుంది, అరిష్టం అంటకుండా. ఆ డబ్బు ఇంటికి తీసుకెళ్లకూడదు. గేటు దాటకముందే ఏదో ఒక తీపి కొనుక్కు తినేయాలి. ఈ నెల మూడుసార్లు చచ్చాను. ఇలాగే చస్తూ పోతే పళ్లు ఊడతాయి.

ఇక మోకరిల్లడం సంగతి. నువ్వు చెప్పిన గురువుగారి మాట నాకు గుర్తులేదనుకున్నావా? మొదటి రోజు మోకాళ్లు వంగనే లేదు. పక్కనున్న పిల్ల లాగింది. కానీ రెండో రోజు నాకు ఒకటి తోచింది. ఇరవై రెండేళ్లు నా ముందు ఎంతమంది మోకరిల్లారు! ఎవరు మనసుతో వంగారో, ఎవరు వట్టి మోకాళ్లతో వంగారో సింహాసనం మీద నుంచి ఎంత బాగా కనిపించేదో! సరే, ఎలా వంగితే నాకు నచ్చేదో అలా వంగాను. అసిస్టెంట్ డైరెక్టరు నియె అని ఒక అమ్మాయి ఉంది, మైకు పట్టుకుని అందర్నీ తిడుతూ ఉంటుంది. మైకులోనే అంది, "మూడో వరుసలో ఆ పెద్దావిడని చూడండర్రా! ఆవిడ చక్రవర్తి ముందు మోకరిల్లింది. మీరంతా పోయిన చెప్పులు వెతుక్కుంటున్నారు!"

చూశావా, మోకరిల్లడంలో కూడా నేనే మొదట. ఏనుగు బతికినా వెయ్యే, చచ్చినా వెయ్యే.

నాకు బాధల్లా ఆ చక్రవర్తితోనే. రెన్ హావ్ అని ఇరవై ఆరేళ్ల కుర్రాడు. మొహం చందమామే, కాదనను. ఆడపిల్లలు గోడలెక్కి చూస్తారు. కానీ నడిచాడంటే బస్సు తప్పిపోతున్నట్టు నడుస్తాడు. ఆ మందపు అట్టల బూట్లు వాడి కాళ్లకి కుండలు కట్టినట్టున్నాయి. అంత బంగారు వస్త్రం ఆ నడక మీద వేలాడుతుంటే చూడలేక కళ్లు తిప్పుకుంటాను.

నువ్వు పాన్‌తో మాట్లాడొద్దు. నా కోసం ఎవరినీ బతిమాలొద్దు. నన్ను రాజుగా ఎరిగిన ఊరికి రాజుగానే వస్తాను, లేకపోతే రాను. ఆ పాన్ కుర్చీలోంచి లేచి నిలబడి, "గురువుగారూ, మా పిల్లలకి రాజు నడక నేర్పండి" అనాలి. అంతవరకూ ఇక్కడ చస్తూ, తీపి తింటూ ఉంటాను.

నువ్వు లేవనందుకు కోపం లేదని రాస్తే అబద్ధమవుతుంది. కాస్త ఉంది. రోజూ కొంచెం తగ్గుతోంది.

నీ
పెయ్‌లాన్


షెంగ్‌జౌ,
ఏప్రిల్ 11

ప్రియమైన మహారాజా,

మూడుసార్లు చచ్చిన మనిషి దగ్గర్నుంచి ఉత్తరం రావడం నాకిదే మొదలు. మా ఆయనకి చదివి వినిపించాను. పిండి పిసుకుతూ పిసుకుతూ నవ్వలేక కూలబడ్డాడు. "ఆవిడ మోకరిల్లినా ఆజ్ఞాపించినట్టే ఉంటుంది" అన్నాడు.

ఇక్కడ కొత్త చిక్కొచ్చి పడింది. రాజు వేషాలు నేర్పే చదువుకున్న టీచరమ్మ పురిటికి వెళ్లింది. పాన్ ఆ తొమ్మిది మంది ఆడపిల్లల్నీ నా నెత్తిన పెట్టాడు. నవంబరులో రాష్ట్రం పోటీలు. వీళ్లలో సగం మంది పోలీసుల్లా నడుస్తారు, సగం మంది బాతుల్లా నడుస్తారు. నాకేమో రాణి నడక తప్ప రాదు. మొన్నామధ్య ఒకత్తె అడిగేసింది, "టీచర్, రాజు అడుగు మడమతో మొదలెట్టాలా, నడుముతోనా?" ఇరవై రెండేళ్లు నీతో ఆడాను, నీ అడుగు ఎక్కడ మొదలవుతుందో నాకు తెలీదు. సిగ్గేసింది అక్కా. పిల్లలకి మాత్రం "రేపు చెప్తాను" అన్నాను. ఆ రేపు వచ్చి ఇవాళ్టికి వారమైంది. రాసి పంపు.

ఇంకో సంగతి. ఆ రోజు నేను ఎందుకు లేవలేదో నువ్వు అడగలేదు, కానీ చెప్తాను. చప్పట్లన్నీ రాజుకే పడేవి. నేను నీ వెనక నిలబడి ఆ చప్పట్లు వినేదాన్ని. నీ మీద అసూయ లేదు, ఒట్టు. కానీ అరవై ఒకటో ఏట ఒకరు నన్ను "యున్‌షియా టీచరుగారూ" అని పిలిస్తే, ఆ పిలుపు ఎలా ఉంటుందో వినాలనిపించింది. కుర్చీలో అతుక్కుపోయాను. నువ్వు గుమ్మం దాటుతుంటే నీ వీపు చూశాను. ఒక్కసారైనా తిరుగుతావనుకున్నాను. తిరగలేదు.

సరే, పోనీ. నువ్వు ఏ ఎపిసోడ్‌లో కనిపిస్తావో ముందే రాయాలి. కొట్టులో పెద్ద టీవీ పెట్టించాం. వీధి మొత్తానికీ చెప్పేశాను. చేపలమ్మే గువో అయితే ఇప్పుడే కుర్చీ ఆపుకుంది.

నీ రాణి
యున్‌షియా


హెంగ్‌డియన్,
జులై 23

ప్రియమైన యున్‌షియా,

ఆలస్యానికి ఏమీ అనుకోకు. తీరిక లేదు. ఎండలు మండిపోతున్నాయి. శీతాకాలం సీన్లు తీస్తున్నారు, ఉన్ని అంగీల్లో మనుషులు ఉడికిపోతున్నారు.

నేనిప్పుడు మోకరిల్లడం మానేశాను. కాస్ట్యూమ్స్‌లో పెట్టారు. బూట్లు తుడుస్తాను, అంగీలు మడతపెడతాను. తెర మీద నా కోసం వెతకొద్దు, కనిపించను. గువోతో కుర్చీ తీసేయమని చెప్పు.

నడక సంగతి కాగితం మీద రాయడం కుదరదు. రాద్దామని రెండుసార్లు కూర్చున్నాను. నడిస్తే వస్తుంది, రాస్తే పోతుంది.

నా గురించి దిగులు పడకు. నేను బాగున్నాను. ఇంతకంటే బాగా ఎప్పుడూ లేను. ఈ అరవై మూడేళ్లలో ఇంత గర్వంగా నేను ఏ రోజూ నిద్రలేవలేదు. ఎందుకని అడక్కు. నీ నోట్లో నువ్వుగింజ నానదు.

పెయ్‌లాన్


షెంగ్‌జౌ,
ఆగస్టు 4

పెయ్‌లాన్ గారికి,

మీ ఉత్తరం అందింది.

సొంత ఊళ్లో దుస్తుల గది తాళంచెవి మీకు అవమానమైంది. టీ కప్పులో పడేశారు. నన్ను ఊరందరి ముందు ద్రోహిని చేసి వెళ్లారు. ఇప్పుడు పరాయి ఊళ్లో, ముక్కూమొహం తెలియని కుర్రాడి బూట్లు తుడవడం గర్వమైంది. బాగుందండీ. అదే గది ఇక్కడ తీసుకుని ఉంటే మనిద్దరం ఒకే గోడకి అటూ ఇటూ ఉండేవాళ్లం. మధ్యాహ్నం కలిసి అన్నం తినేవాళ్లం.

నడక రాసి పంపమని బతిమాలాను. అదీ కుదరదన్నారు. నా తొమ్మిది మంది పిల్లలు నవంబరులో జనం ముందు బాతుల్లా నడుస్తారు. అప్పుడు జనం పాన్‌ని ఏమీ అనరు, యున్‌షియా టీచరుకి ఏమీ రాదంటారు. అనుకోనివ్వండి.

నా నోట్లో నువ్వుగింజ నానదన్నారు. ఒప్పుకుంటాను. కాబట్టి ఆ నోటికి మీరు ఇంకేమీ చెప్పనక్కర్లేదు. ఉత్తరాలు రాయకండి. నేనూ రాయను.

చియు యున్‌షియా


షెంగ్‌జౌ,
ఏప్రిల్ 19

ప్రియమైన అక్కకి,

రాయనన్నాను. ఎనిమిది నెలలు రాయలేదు. ఇప్పుడు రాయకపోతే చచ్చిపోతాను, ఎర్ర కవరు ఇచ్చేవాళ్లు కూడా ఇక్కడ లేరు.

నవంబరు పోటీల్లో మన పిల్లలు ఆఖరున నిలిచారు. ఆ ముక్క ముందే చెప్పేస్తున్నాను, తర్వాత చెప్పాల్సింది చాలా ఉంది.

నీ సీరియలు మార్చిలో మొదలైంది. చూడకూడదనుకున్నాను. కానీ కొట్టులో టీవీ ఉంది, గువోకి కుర్చీ ఉంది, నేను వద్దంటే వినేదెవరు? రోజూ సాయంత్రం ఏడున్నరకి వీధి మొత్తం మా కొట్టులోనే. బావ్‌లు బాగా అమ్ముడుపోతున్నాయనుకో. మొదటి వారంలో దాదుల వరుసలో నువ్వు కనిపించావు. మూడో వరుస, ఎడమవైపు. నియె అనే ఆ పిల్ల చెప్పింది నిజమే. మిగతావాళ్లు మనుషులు, నువ్వు ఒక్కదానివే అంతఃపురం. గువో "అదుగో మన రాజుగారు!" అని అరిచింది. నేను గిన్నెలు కడుగుతున్నట్టు నటించాను. తర్వాతి వారం నిన్ను విషం తాగించి చంపేశారు. ఇక నీ పని అయిపోయింది, మిగతాదంతా బూట్లు తుడవడమే అనుకున్నాను.

ఊళ్లో అందరి నోటా ఆ రెన్ హావ్ మాటే. పత్రికలు కూడా రాస్తున్నాయి, ఈ కుర్రాడు మొదట్లో తడబడినా పోనుపోను నిజం చక్రవర్తిలా నడుస్తున్నాడని. నాకు ఒళ్లు మండింది. నువ్వు తుడిచిన బూట్లేసుకుని వాడికి పేరొచ్చిందని.

ముప్పై ఒకటో ఎపిసోడ్ వచ్చింది. పట్టపురాణి మీద నింద పడుతుంది. తప్పు లేదని తెలిసి కూడా చక్రవర్తి ఆవిడని చెర మహలుకి పంపేస్తాడు. పంపేసి ఒక్కడే ఎర్రగోడల మధ్య, మోకరిల్లిన నౌకర్ల వరుసలు దాటుకుంటూ, ఆ పొడవాటి దారిలో నడిచి వెళ్తాడు. మంచు కురుస్తోంది. వెనక నుంచి తీశారు. మాట లేదు, పాట లేదు. ఉట్టి వీపు, నడక. మా ఆయన పిండి చేతులతో అలాగే నిలబడిపోయి, "కుర్రాడు నేర్చుకున్నాడే!" అన్నాడు. గువో ముక్కు చీదుతోంది.

నేను చేతిలో బుట్టలతో చూస్తున్నాను. ఒకటో అడుగు, రెండో అడుగు నిండుగా పడ్డాయి. మూడోది కాస్త పొట్టిగా పడింది. ఏదో చలికి అనుకున్నాను. మళ్లీ రెండు నిండు అడుగులు, మళ్లీ మూడోది పొట్టి. నా చేతిలో బుట్టలు కిందపడ్డాయి. పన్నెండు బుట్టల బావ్‌లు నేల పాలయ్యాయి, మా ఆయన ఇప్పటికీ అడుగుతున్నాడు నాకేమైందని.

నాకేమైందో నీకు చెప్తాను. మనం కొత్తగా జత కట్టిన ఏడాది ఒక కొండ ఊళ్లో ఆడాం. నావి చిన్న పాదాలు, రాణి పావడా పొడవు. నీ అడుగులు అందుకోలేక పావడా తొక్కుకుని జనం ముందు బోర్లాపడ్డాను. ఊరంతా నవ్వింది. నువ్వు నవ్వలేదు, ఓదార్చనూలేదు. ఆ తర్వాతి ఊళ్లో ఆట మొదలయ్యాక చూస్తే, రెండు అడుగులు వేసి మూడోది నువ్వు తగ్గిస్తున్నావు. ఆ కాస్త సందులో నేను పావడా సర్దుకుని నిన్ను అందుకునేదాన్ని. నువ్వు ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు. నేను ఎప్పుడూ అడగలేదు. ఆ తర్వాత అన్నేళ్లలో నేను మళ్లీ పడలేదు.

జనానికి నీ మొహం తెలుసు. నీ వీపు తెలిసింది నాకొక్కదానికే.

అందుకే బూట్లు తుడుస్తున్నానని అబద్ధం రాశావు. నువ్వు అబద్ధం ఆడే మనిషివి కాదు, ఎవరో నీ నోరు కట్టేసి ఉంటారు. సరే, నేనూ నోరు కట్టేసుకున్నాను. ఆ ఎపిసోడ్ వచ్చి ఇవాళ్టికి పదకొండు రోజులు. పక్కనే పడుకునే మా ఆయనకి కూడా చెప్పలేదు. గువో నా ఎదురుగా కూర్చుని "ఆ కుర్రాడి నడక చూశావూ" అంటుంటే, గర్వంతో నా గుండె పగిలిపోయేలా ఉంటే, "ఆఁ, పర్లేదు" అన్నాను. నువ్వుగింజ నానింది అక్కా. మొలకెత్తింది కూడా.

పాన్ సంగతి విను. మొన్న స్టాఫ్ రూములోకి ఎగురుకుంటూ వచ్చాడు. "టీచరుగారూ, ఆ రెన్ హావ్‌ని ఒక్కరోజు పిలిపించి మన పిల్లలకి నడక పాఠం చెప్పిద్దామా? ఎలాగైనా పట్టుకోవాలి." నేను టీ తాగుతూ తాపీగా చెప్పాను. "ఆయన రారండీ. ఆ నడక కావాలంటే అంత దూరం ఎందుకు? అదే నడక మన ఊళ్లో ఇరవై రెండేళ్లు నడిచింది. మీరు దాని చేతిలో తాళంచెవి పెట్టారు." అంతకు మించి ఒక్క ముక్క అనలేదు, ఒట్టు. ఆయన మన పాత ఆటల క్యాసెట్టు ఎక్కడుందో వెతికించాడు. మధ్యాహ్నమంతా తలుపేసుకుని చూశాడు. సాయంత్రం బయటికొచ్చి, "నేను గుడ్డివాణ్ణి" అన్నాడు. నేను కాదనలేదు.

ఆయన తన చేత్తో రాసిన ఉత్తరం ఇందులో పెట్టాను. రాజు వేషాల గురువుగా రమ్మని. తనే బయల్దేరి వస్తానన్నాడు. ముందు ఉత్తరం వెళ్లనీయండి, రాజుగారి దగ్గరికి కబురు లేకుండా వెళ్లకూడదన్నాను.

ఇక ఒక్కటే అడగాలి. ఆ ఎర్రగోడల మధ్య నువ్వు ఒక్కదానివే నడిచావు. కథ ప్రకారం రాణిని పంపేశావు. నీ వెనక ఎవరూ లేరు. మరి ప్రతి మూడో అడుగూ ఎవరి కోసం తగ్గించావు?

నీ
యున్‌షియా


హెంగ్‌డియన్,
ఏప్రిల్ 26

ప్రియమైన రాణీ,

గురువారం మధ్యాహ్నం బస్సుకి వస్తున్నాను. పాన్ ఉత్తరం బాగుంది, దస్తూరీయే అధ్వానంగా ఉంది. నేను గదిలోకి వచ్చినప్పుడు లేచి నిలబడమను. ఎక్కువసేపు అక్కర్లేదు, నేను కూర్చునేదాకా చాలు. తొమ్మిది మంది పిల్లల్ని సిద్ధంగా ఉంచు. పాఠం ఇద్దరం కలిసి చెప్తాం, ఒకే గదిలో. నిన్ను యున్‌షియా టీచరుగారూ అని అందరికంటే ముందు నేనే పిలుస్తాను.

నీ ఉత్తరంలో నువ్వేదో ఊహించుకున్నావు. నేను ఔననను, కాదనను. సంతకం పెట్టిన మనిషిని. కానీ కాస్ట్యూమ్స్‌లో పనిచేసేవాళ్లు బోలెడు కథలు చెప్పుకుంటారు. అందులో ఒకటి రాస్తాను, కథలాగే చదువు.

జులై ఎండలో మంచు సీను తీస్తున్నారట. పైనుంచి కాగితపు మంచు పోస్తున్నారు. చక్రవర్తి వేషం వేసిన కుర్రాడు పందొమ్మిది టేకులు నడిచాడు. ఒక్కటీ ఓకే కాలేదు. ఉన్ని అంగీలో చెమటలు కారిపోయి వాడికి ఏడుపొచ్చింది. గోడ పక్కన మోకరిల్లిన వరుసలో ఒక ముసలావిడ ఉండబట్టలేక కిసుక్కున నవ్వింది. అసిస్టెంట్ డైరెక్టరు మైకులో, "ఎవరా నవ్విందీ?" అని గర్జించింది. ముసలావిడ లేచి నిలబడి, "నేనే" అంది.

"అంత నవ్వొస్తోందా? ఏదీ, మీరు నడవండి చూద్దాం!"

బూట్లు రెండు సైజులు పెద్దవి. రెండు జతల మేజోళ్లు తొడుక్కుని, ఆ బంగారు అంగీ భుజాన వేసుకుని, ఆవిడ ఈ చివరి నుంచి ఆ చివరికి నడిచింది. వెనక్కి తిరిగి చూసింది. లైట్లు పట్టుకున్న పిల్లలు లైట్లు వదిలేసి నిలబడ్డారు. మోకరిల్లిన రెండొందల మందీ, ఎవరూ యాక్షన్ చెప్పకుండానే, తలలు నేలకి ఆనించారు. ఆ కుర్రాడు పరిగెత్తుకొచ్చి ఆవిడ ముందు వంగి, "గురువుగారూ, ఇది నా వల్ల కాదు, మీరే నడవండి" అన్నాడు. వట్టి అందగాడనుకున్నాను కానీ వాడు మంచివాడే, అంది ఆ ముసలావిడ. ఒక అమ్మమ్మ చక్రవర్తికి డూపు వేసిందని బయటికి పొక్కితే ఆ కుర్రాడు నవ్వులపాలవుతాడని, ఆ అసిస్టెంట్ డైరెక్టరు పిల్ల ఉద్యోగం పోతుందని, కంపెనీ కాగితం రాయించుకుంది. ఆవిడ సంతకం పెట్టింది. పదిహేడు సీన్లు నడిచింది. సొంత ఊళ్లో ఉన్న ఒక నేస్తానికి మాత్రం చెప్పలేక అబద్ధం రాసి, రెండు రోజులు అన్నం మానేసింది.

ఆ మొదటి రోజు షాట్ ఓకే అయ్యాక, అసిస్టెంట్ డైరెక్టరు పిల్ల దగ్గరికొచ్చి మెల్లిగా అడిగిందట. "అంతా అద్భుతంగా ఉందండీ. కానీ మూడేసి అడుగులకి ఒకసారి కాస్త తగ్గుతున్నారు. ఎందుకూ?"

ముసలావిడకి కోపం వచ్చింది. "రాజులు అలాగే నడుస్తారమ్మా. తెలీకపోతే అడిగి తెలుసుకో" అని కసిరింది.

ఆవిడ నిజంగా అలాగే అనుకుంది, యున్‌షియా. ఇన్నేళ్లూ రాజు నడకంటే అదే అనుకుంది. ఆ పొట్టి అడుగు ఎవరి కోసమో నీ ఉత్తరం చదివేదాకా ఆవిడకి తెలీదు.

నీ రాజు
పెయ్‌లాన్